మహిళల ఎంఎంఏలో అందరికన్నా గొప్ప ఫైటర్ ఎవరు? నూనెస్ పేరు చెప్పి చర్చ ముగించాల్సిందేనా?

గోదారిగట్టు
గుద్దులు, తన్నులు, కుస్తీ పట్లు అన్నీ కలిసిన ఎంఎంఏలో, మహిళల్లో అందరికన్నా గొప్ప ఫైటర్ ఎవరన్న ప్రశ్న ఎక్కడ వచ్చినా, అమాండా నూనెస్ పేరు ఒక్కటి చెప్పి చర్చను అక్కడికక్కడే ముగించేస్తున్నారు. రోండా రౌజీని 48 సెకన్లలో, క్రిస్ సైబోర్గ్‌ను 51 సెకన్లలో పడగొట్టిన మనిషి ఘనతను నేను కాదనడం లేదు. నా అభ్యంతరం వేరు. వాలెంటీనా షెవ్‌చెంకోతో ఆమె తలపడిన రెండు ఫైట్లనూ ఈ వారం మళ్ళీ పూర్తిగా చూశాను. 2016 మార్చిలో జరిగినది మూడు రౌండ్ల ఫైట్. మూడో రౌండ్ వచ్చేసరికి నూనెస్ అలసిపోయింది, షెవ్‌చెంకో మాత్రం ముందుకే నడుస్తోంది. 2017 సెప్టెంబర్‌లో ఎడ్మంటన్‌లో జరిగిన రెండో ఫైట్ ఐదు రౌండ్లూ సాగి, ఇద్దరు జడ్జీలు నూనెస్‌కు 48-47, మూడో జడ్జి షెవ్‌చెంకోకు 48-47 ఇవ్వడంతో స్ప్లిట్ డెసిషన్‌గా తేలింది. ఇదంతా 135 పౌండ్ల విభాగంలో జరిగింది. షెవ్‌చెంకో అసలు బరువు 125. ఎంఎంఏలో అతి పెద్ద సంస్థ అయిన యూఎఫ్‌సీలో మహిళలకు ఆ విభాగం బెల్ట్ (చాంపియన్ టైటిల్) 2017 డిసెంబర్ దాకా లేకపోవడం వల్లనే ఆమె తనకన్నా పెద్ద శరీరం ఉన్నవారితో పోరాడాల్సి వచ్చింది. ఒక బరువు విభాగం కింది మనిషి, నూనెస్ అత్యంత బలంగా ఉన్న రోజుల్లో ఆమెతో అంత దగ్గరగా వచ్చిందంటే, నైపుణ్యంలో ఎవరు పైన ఉన్నట్టు? నా ఓటు షెవ్‌చెంకోకే.

పల్నాటి_పిడికిలి
రెండుసార్లు తలపడి రెండుసార్లూ ఓడిన మనిషిని, గెలిచిన మనిషి కన్నా గొప్ప అనడం నాకు మింగుడు పడడం లేదు. ఎంత తక్కువ తేడాతో ఓడినా ఓటమి ఓటమే.

డాలస్_రావు
పల్నాటి తమ్ముడి మాటకు నేను కొంత చేర్చవలసి ఉంది. నూనెస్ గురించి మాట్లాడేటప్పుడు సెకన్ల లెక్కలు చెప్పుకొని సరిపెట్టుకుంటాం కాని, అసలు విషయం ఆమె ఎవరెవరిని ఓడించిందన్నదే. 2016 జూలైలో మీషా టేట్‌ను మొదటి రౌండ్‌లోనే మెడపట్టుతో లొంగదీసి బాంటమ్‌వెయిట్ బెల్ట్ తీసుకుంది. అదే ఏడాది డిసెంబర్‌లో రౌజీ. 2018 డిసెంబర్‌లో 145 పౌండ్లకు వెళ్ళి సైబోర్గ్. 2019 జూలైలో హోలీ హోమ్‌ను ఆమెకు పేరు తెచ్చిన హెడ్ కిక్‌తోనే మొదటి రౌండ్‌లో పడగొట్టింది. జర్మెయిన్ డి రాండమీని రెండుసార్లు ఓడించింది. జూలియానా పేన్యా చేతిలో ఓడిన తరువాత మళ్ళీ తలపడి బెల్ట్ వెనక్కి తెచ్చుకుంది. 2023 జూన్‌లో వాంకూవర్‌లో ఐరీన్ ఆల్డానాను ఓడించి రిటైరయ్యే నాటికి, 135, 145 విభాగాల్లో యూఎఫ్‌సీ బెల్ట్ కట్టుకున్న ప్రతి ఇతర మహిళా ఆమె చేతిలో ఓడినవారే. ఆ తరువాత చాంపియన్ అయిన రాకెల్ పెనింగ్టన్‌ను కూడా ఆమె 2018లోనే ఓడించి ఉంది. ఈ మాట పురుషుల విభాగాల్లో సైతం ఎవరి గురించీ ఇంత నిండుగా చెప్పలేము.

ఓరుగల్లు_చంటి
అందరూ నూనెస్, షెవ్‌చెంకో అంటున్నారు, రౌజీని దాదాపు పక్కన పెట్టేశారు. ఆమె లేకపోతే యూఎఫ్‌సీలో మహిళల ఫైట్లే ఉండేవి కావు కదా? 2011లో యూఎఫ్‌సీ అధ్యక్షుడు డానా వైట్ ఆడవాళ్ళు అందులో ఎప్పటికీ ఉండరని కెమెరా ముందే చెప్పాడు. 2013 ఫిబ్రవరిలో అదే మనిషి రౌజీ, లిజ్ కార్మూష్ ఫైట్‌ను మెయిన్ ఈవెంట్‌గా పెట్టాడు.

లెక్కల_మాస్టారు
చంటీ, తలుపు తెరిచిన గొప్పతనం వేరు, కేజ్‌లో, అంటే ఫైట్ జరిగే కంచె లోపల, గొప్పతనం వేరు. రెండింటినీ ఒకే లెక్కలో వేస్తే జవాబు తేలదు.

జూడో_అక్క
మాస్టారి విభజన సరైనదే కాని, రౌజీకి మొదటి గొప్పతనం మాత్రమే ఇచ్చి కూర్చోబెట్టడాన్ని నేను ఒప్పుకోను. నేను విశాఖలో చాలా ఏళ్ళు జూడో ఆడినదాన్ని, ఇప్పుడు పిల్లలకు నేర్పుతున్నాను. జూడోలో మన పట్టు అంతా ఎదుటివారి జాకెట్ మీద ఆధారపడి ఉంటుంది. కాలర్ ఒక చేత్తో, మోచేతి దగ్గర గుడ్డ మరో చేత్తో దొరికితేనే విసరగలం. కేజ్‌లో గుడ్డ లేదు, చెమటతో తడిసిన శరీరం మాత్రమే ఉంటుంది. రౌజీ ఆ జాకెట్ పట్టును తీసేసి, ఒక చేయి మెడ చుట్టూ వేసి, మరో చేత్తో ఎదుటి మనిషి మోచేతిని తన పొట్టకు అదిమి, నడుము తిప్పి విసిరేది. నేల మీద పడే లోపే ఆ చెయ్యి ఆమె చంకలో ఉండేది. అవతలి మనిషి వీపు ఆన్చి ఊపిరి తీసుకునేలోపు ఒక కాలు ముఖం మీదుగా వచ్చి, మోచేతిని విరిచే ఆర్మ్‌బార్ పట్టు పడేది. 2012 మార్చిలో మరో ఎంఎంఏ సంస్థ స్ట్రైక్‌ఫోర్స్ బెల్ట్ కోసం మీషా టేట్‌తో జరిగిన ఫైట్ చూడండి, టేట్ మోచేయి ఏ వైపు వంగిందో ఎవరికైనా గుర్తుండిపోతుంది. 2015 ఫిబ్రవరిలో క్యాట్ జింగానో 14 సెకన్లలో లొంగిపోయింది. ఆ జింగానో అంతకు ముందటి ఏడాది నూనెస్‌ను మూడో రౌండ్‌లో ఆపేసిన మనిషి. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో కాంస్యం తెచ్చుకున్న నైపుణ్యం అది, ఊరికే ప్రచారంతో వచ్చిన పేరు కాదు.

బెజవాడ_బాబ్జీ
అక్కా, మరి రౌజీ ఓడిన హోలీ హోమ్ ఫైట్‌లో ఆ నైపుణ్యం ఏమైంది?

మెల్‌బోర్న్_మాధవి
బాబ్జీ గారి ప్రశ్నకు నేను జవాబిస్తాను, ఎందుకంటే 2015 నవంబర్‌లో ఆ రోజు నేను ఆ స్టేడియంలో ఉన్నాను. 56 వేల పైచిలుకు జనం, అందులో చాలామంది రౌజీ గెలుపు చూడటానికే వచ్చినవారు. మా వరుసలో కూర్చున్న ఆడపిల్లలంతా ఆమె బొమ్మ ఉన్న టీషర్టులే వేసుకున్నారు. మొదటి రౌండ్ మొదలైన రెండు నిమిషాలకే మా చుట్టూ గొంతులు తగ్గిపోయాయి. హోమ్ ఎడమచేతి వాటం బాక్సర్, పక్కకు జరుగుతూ ఉంటే రౌజీ సూటిగా ఆమె మీదికి పరుగెత్తుతోంది, వెళ్ళిన ప్రతిసారీ ఎడమ చేతి స్ట్రెయిట్ ముఖం మీద పడుతోంది. రెండో రౌండ్‌లో రౌజీ విసిరిన గుద్దు గాలిలో పోయి, ఆ ఊపుకు ఆమె తూలి మోకాళ్ళ మీదికి వచ్చి, లేచి తిరిగే లోపు హోమ్ ఎడమ కాలు మెడ మీద పడింది. నైపుణ్యం లేక ఓడిందని నేను అనను. ఎదుటి మనిషి దగ్గరకు రానివ్వకపోతే ఏం చెయ్యాలన్న రెండో దారి ఆమె నేర్చుకోలేదు, నేర్పవలసినవారు నేర్పలేదు. నా జాబితాలో ఆమెది నాలుగో స్థానం.

డాలస్_రావు
మాధవి గారూ, నాలుగో స్థానం అంటే ఆమె కన్నా పైన ఉన్న ముగ్గురు ఎవరు?

మెల్‌బోర్న్_మాధవి
నూనెస్, షెవ్‌చెంకో, జాంగ్ వైలీ.

పల్నాటి_పిడికిలి
సైబోర్గ్ లేకుండా మొదటి నలుగురి జాబితానా? 2005లో తొలి ఫైట్ ఓడిపోయాక మళ్ళీ 2018 డిసెంబర్ దాకా ఆమెకు ఓటమి లేదు. 2009 ఆగస్టులో జీనా కరానోతో ఆమె ఫైట్, ఒక పెద్ద సంస్థ కార్యక్రమంలో మహిళలు మెయిన్ ఈవెంట్‌గా నిలిచిన తొలి సందర్భం. స్ట్రైక్‌ఫోర్స్, ఇన్‌విక్టా, యూఎఫ్‌సీ, బెల్లటోర్, ఈ నాలుగు సంస్థల్లోనూ బెల్ట్ కట్టుకుంది. 2024 అక్టోబర్‌లో రియాద్‌లో లారిసా పషేకోను ఓడించేనాటికి ఆమె వయసు 39.

లెక్కల_మాస్టారు
సైబోర్గ్ విషయంలో రెండు సంగతులు దాచిపెట్టి మాట్లాడకూడదు. 2011 డిసెంబర్‌లో జరిగిన ఫైట్ తరువాత ఆమె పరీక్షలో స్టానోజొలోల్ అనే స్టెరాయిడ్ బయటపడింది, ఏడాది నిషేధం పడింది, ఆ విజయం రద్దయింది, బెల్ట్ పోయింది. ఇది నేను ఆమెను చిన్నబుచ్చడానికి చెప్పడం లేదు, లెక్క లెక్కే కాబట్టి చెబుతున్నాను. రెండోది, 145 పౌండ్ల విభాగంలో ఎప్పుడూ తగినంత మంది లేరు. యూఎఫ్‌సీ ఆ విభాగాన్ని 2017లో తెరిచింది, నూనెస్ వెళ్ళిపోయాక అది మూతపడింది. ఎదురుగా నిలిచేవారు లేని చోట వరుస విజయాలకు ఎంత విలువ ఇవ్వాలన్న ప్రశ్న సైబోర్గ్‌కే కాదు, నూనెస్ రెండో బెల్ట్‌కు కూడా వర్తిస్తుంది.

పల్నాటి_పిడికిలి
మాస్టారూ, ఎదురు నిలిచేవారు లేకపోవడం సైబోర్గ్ తప్పు ఎలా అవుతుంది? 2013 నుంచి 2015 దాకా రౌజీ 135 దాటి పైకి రానంది, సైబోర్గ్ 135 దాకా దిగలేకపోయింది. 2016లో 140 దగ్గర ఒప్పందం కుదుర్చుకొని రెండు ఫైట్లు చేసినప్పుడు ఆ బరువు తగ్గించుకోవడానికి ఆమె పడిన అవస్థ చూస్తే ఎవరికైనా కన్నీళ్ళు వస్తాయి. రౌజీ, సైబోర్గ్ ఫైట్ జరగకపోవడం ఈ ఆటకు జరిగిన అన్నిటికన్నా పెద్ద నష్టమని నా నమ్మకం.

జూడో_అక్క
ఆ చివరి వాక్యం విషయంలో నేను మీతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను.

గోదారిగట్టు
చర్చ మంచి దారిలో నడుస్తోంది, కాని నేను అడిగిన ప్రశ్న మధ్యలో జారిపోయింది. సైబోర్గ్, నూనెస్ ఫైట్‌నే తీసుకోండి. సైబోర్గ్ గంట మోగగానే గుద్దులు విసురుతూ మీదికి వచ్చింది, నూనెస్ అడుగు వెనక్కి వెయ్యకుండా నిలబడి, కుడిచేతి దెబ్బలు దాచుకొని దాచుకొని వేసింది, పైనుంచి వంపుగా వేసిన చివరి ఓవర్‌హ్యాండ్ గుద్దుకు సైబోర్గ్ బోర్లా పడిపోయింది. అద్భుతం, కాదనను. కాని అది ఎదురుగా వచ్చే మనిషి మీద బలమైన దెబ్బ పడటం. ఎదురుగా రాని మనిషి, కాచుకొని ఉండే మనిషి దొరికినప్పుడు నూనెస్ ఏం చేసిందో ఎడ్మంటన్‌లో చూశాం. షెవ్‌చెంకో 25 నిమిషాలు ఆమెను ఒక్క నాకౌట్ దెబ్బ కూడా వెయ్యనివ్వలేదు.

సింగపూర్_శిరీష
గోదారిగట్టు గారూ, కాచుకొని ఉండే ఆ పద్ధతికి కూడా మరో వైపు ఉంది. 2022 జూన్‌లో ఇక్కడ సింగపూర్‌లో జరిగిన కార్యక్రమానికి మా వారు, నేను కలిసి వెళ్ళాం. షెవ్‌చెంకో ఆ రోజు టైలా సాంటోస్‌తో బెల్ట్ కాపాడుకోవడానికి దిగింది. మొదటి రౌండ్లలో సాంటోస్ ఆమెను పట్టుకొని వెనక నుంచి నడుము చుట్టూ కాళ్ళు వేసి నిమిషాల తరబడి వదలలేదు. మూడో రౌండ్‌లో ఇద్దరి తలలూ ఢీకొని సాంటోస్ కన్ను వాచి మూసుకుపోయింది, ఆ తరువాత రౌండ్లు షెవ్‌చెంకో వైపు తిరిగాయి. చివరికి స్ప్లిట్ డెసిషన్‌తో బెల్ట్ నిలుపుకుంది. ఆ కన్ను మూసుకుపోకపోతే ఏమయ్యేదో నేను చెప్పలేను. ఎడ్మంటన్ స్ప్లిట్‌ను నూనెస్ మీద లెక్కకట్టేవారు సింగపూర్ స్ప్లిట్‌ను షెవ్‌చెంకో మీద కూడా లెక్కకట్టాలి.

బెజవాడ_బాబ్జీ
శిరీష గారూ, అదే రోజు జాంగ్ వైలీ, యోవానా ఫైట్ కూడా ఉంది కదా? దాని గురించి రాయకుండా వెళ్ళిపోతే ఎలా?

సింగపూర్_శిరీష
దాని గురించి రాయాలంటే ముందు 2020 మార్చిలో జరిగిన వాళ్ళ మొదటి ఫైట్ చెప్పాలి. నా దృష్టిలో మహిళల ఎంఎంఏలో దానికి సాటి వచ్చే ఫైట్ లేదు. 115 పౌండ్ల విభాగంలో పోలండ్‌కు చెందిన యోవానా యెండ్‌జెయ్‌చిక్ ఐదుసార్లు బెల్ట్ కాపాడుకున్న పాత చాంపియన్. జాంగ్ అంతకు ముందు ఆగస్టులో షెన్‌జెన్‌లో జెస్సికా అంద్రాజీని 42 సెకన్లలో ఓడించి, చైనా నుంచి వచ్చిన తొలి యూఎఫ్‌సీ చాంపియన్ అయింది. ఐదు రౌండ్లూ ఇద్దరూ ఒకరికొకరు అంగుళం ఇవ్వలేదు. చివరి రౌండ్లలో యోవానా నుదురు ఎంత వాచిందంటే తల ఆకారమే మారిపోయింది, అయినా ఆమె చేతులు ఆగలేదు. జాంగ్ స్ప్లిట్ డెసిషన్‌తో గెలిచింది. సింగపూర్‌లో మళ్ళీ తలపడినప్పుడు రెండో రౌండ్‌లో జాంగ్ వెనక్కి తిరిగి పిడికిలి వెనుక భాగంతో కొట్టిన దెబ్బకు యోవానా ముందుకు వాలిపోయింది. అక్కడే కేజ్ మధ్యలో ఆమె రిటైర్మెంట్ ప్రకటించినప్పుడు మా పక్కనున్నవారంతా లేచి నిలబడ్డారు.

నిజామాబాద్_నివాసి
115 పౌండ్ల విభాగం ప్రస్తావన వచ్చింది కనుక ఒక మాట. మన దేశం నుంచి యూఎఫ్‌సీలో తొలి విజయం సాధించిన పూజా తోమర్ ఆ విభాగంలోనే 2024 జూన్‌లో గెలిచింది, అదీ స్ప్లిట్ డెసిషనే. వుషు నుంచి వచ్చిన అమ్మాయి. గొప్పవారి జాబితాలో పెట్టమని అడగడం లేదు, ఆమెకు ఇంకా చాలా దారి ఉంది. మా ఊరి నిఖత్ జరీన్ బాక్సింగ్‌లో రెండుసార్లు ప్రపంచ చాంపియన్ అయ్యాక మా వీధిలో ఆడపిల్లల తల్లిదండ్రుల మాట తీరే మారింది. ఎంఎంఏలోనూ అటువంటి ఒక్క పేరు ఉంటే ఈ చర్చలో మనం వేరే దేశాల పేర్లు మాత్రమే రాసుకోవలసిన అవసరం ఉండేది కాదు.

పాత_సీడీ
మీరంతా యూఎఫ్‌సీ వచ్చాక చూసినవారిలా ఉన్నారు. యూఎఫ్‌సీ 115 పౌండ్ల బెల్ట్ పెట్టింది 2014 డిసెంబర్‌లో. జపాన్‌కు చెందిన మెగుమి ఫుజీ అంతకు ఏడాది ముందే ఆట వదిలేసింది. ఆమె వరుసగా 22 ఫైట్లు గెలిచింది, వాటిలో ఎక్కువ భాగం లొంగదీసి గెలిచినవే. కాళ్ళ పట్టులు ఇప్పుడు అందరూ నేర్చుకుంటున్నారు కాని, ఆ రోజుల్లో ఎదుటి మనిషి మడమను, మోకాలిని ఆమె పట్టినంత సులువుగా పట్టినవారు మగవారిలోనూ తక్కువే. తొలి ఓటమి 2010లో బెల్లటోర్ ఫైనల్‌లో, జోయిలా ఫ్రౌస్టో చేతిలో, స్ప్లిట్ డెసిషన్. ఆ ఫైట్ చూసినవారిలో చాలామంది ఫుజీయే గెలిచిందని అంటారు, నేనూ అంటాను. ఆమె పుట్టిన కాలం ఆమెకు అడ్డమైంది. పదేళ్ళు ఆలస్యంగా వచ్చి ఉంటే ఈ చర్చలో ఆమె పేరు మొదటి పోస్ట్‌లోనే ఉండేది.

ఓరుగల్లు_చంటి
పాత_సీడీ అన్నా, ఈ పేరు నేను ఇప్పుడే వింటున్నాను. ఈ ఆదివారం ఆమె ఫైట్లు వెతికి చూస్తాను.

లెక్కల_మాస్టారు
ఫుజీ విషయంలో గౌరవం ఉంది, కాని గెలవని పోటీలకు మార్కులు వెయ్యలేము. నేను నూనెస్ ఓటర్‌నే అయినా ఆమె మీద ఉన్న ఒక్క పెద్ద ప్రశ్నను ఎవరూ ముట్టుకోలేదు. 2021 డిసెంబర్‌లో జూలియానా పేన్యా ఆమెను ఓడించిన తీరు. దెబ్బ తగిలి పడిపోతే అది ఆటలో భాగం. అక్కడ జరిగింది అది కాదు. రెండో రౌండ్‌లో పేన్యా మామూలు జబ్‌లతో ముందుకు వస్తుంటే నూనెస్ ఊపిరి అందక నిలబడిపోయింది, నేల మీదికి వెళ్ళాక మెడపట్టు పూర్తిగా బిగిసే లోపే చెయ్యి తట్టింది. అలసట ఆమె పాత బలహీనత అని 2014లో జింగానో, 2016లో షెవ్‌చెంకో మూడో రౌండ్ ముందే చెప్పాయి.

డాలస్_రావు
మాస్టారూ, ఆ ప్రశ్నకు జవాబు 2022 జూలైలో ఇక్కడ డాలస్‌లోనే దొరికింది, నేను ఆ హాలులో ఉండి చూశాను. నూనెస్ తన పాత జిమ్ వదిలేసి సొంతంగా శిక్షణ ఏర్పాటు చేసుకొని వచ్చింది. ఎప్పుడూ లేనిది ఎడమచేతి వాటం నిలువుతో మొదలుపెట్టింది. పేన్యా ముందుకు వచ్చిన ప్రతిసారీ పక్కకు తప్పుకొని కొట్టింది, రెండో రౌండ్‌లో మూడుసార్లు పడేసింది, తరువాత నేల మీదికి తీసుకెళ్ళి మోచేతులతో నుదురు చీల్చింది. ఐదు రౌండ్లు ఊపిరి సరిపోయేలా ఆమె వేగాన్ని అదుపులో పెట్టుకున్న తీరు చూశాక, అలసట గురించి మళ్ళీ ఎవరు మాట్లాడినా ఆ ఫైట్ చూపిస్తాను. జడ్జీలు 50-45, 50-44, 50-43 ఇచ్చారు. ఓడిన చోటే తన బలహీనతను దిద్దుకొని తిరిగి రావడం రౌజీ చెయ్యలేకపోయింది.

గోదారిగట్టు
రావు గారూ, తిరిగి రావడం గొప్పతనానికి కొలత అయితే షెవ్‌చెంకో సంగతి కూడా అదే కొలతతో చూడండి. 2023 మార్చిలో స్పిన్నింగ్ కిక్ తప్పిన క్షణంలో అలెక్సా గ్రాసో వీపు మీదికి ఎక్కి లొంగదీసింది. సెప్టెంబర్‌లో రెండో ఫైట్ డ్రా అయింది, అదీ ఒక జడ్జి చివరి రౌండ్‌ను గ్రాసోకు మామూలు 10-9 కాకుండా 10-8 వెయ్యడం వల్ల. 2024 సెప్టెంబర్‌లో మూడోసారి తలపడి, టేక్‌డౌన్ (పట్టి నేలకు పడెయ్యడం) మీద టేక్‌డౌన్ చేసి బెల్ట్ తెచ్చుకుంది. 2025 మేలో మనోన్ ఫియోరో, నవంబర్‌లో న్యూయార్క్‌లో 115 నుంచి పైకి వచ్చిన జాంగ్ వైలీ, ఇద్దరినీ ఓడించింది. నూనెస్, షెవ్‌చెంకో ఇద్దరూ 1988లోనే పుట్టారు. ఒకరు 35 ఏళ్ళకు చాలించుకున్నారు, మరొకరు 2025లో 37 ఏళ్ళకు కూడా బెల్ట్ నిలుపుకున్నారు.

మెల్‌బోర్న్_మాధవి
జాంగ్ ఫైట్ విషయంలో మీరు ఒకటి గమనించాలి. ఇప్పుడు బరువు తేడా షెవ్‌చెంకో వైపు ఉంది. ఎడ్మంటన్‌లో చిన్న శరీరానికి మార్కులు కలిపితే న్యూయార్క్‌లో జాంగ్‌కూ కలపాలి.

గోదారిగట్టు
కలుపుతాను. అయినా ఆ ఫైట్‌లో జాంగ్‌ను షెవ్‌చెంకో అదిమి పట్టినంత గట్టిగా నూనెస్ షెవ్‌చెంకోను ఎప్పుడూ అదిమి పట్టలేదు. నా వాదన అక్కడే ఉంది.

పల్నాటి_పిడికిలి
మొదటి ఫైట్ రెండో రౌండ్ మళ్ళీ చూడండి. నేల మీద నూనెస్ ఆమెను ఎంతసేపు పట్టి ఉంచిందో, మెడపట్టుకు ఎంత దగ్గరగా వచ్చిందో కనబడుతుంది. ఒక జడ్జి కాదు, ఇద్దరు జడ్జీలు 29-27 ఇచ్చిన ఫైట్ అది. ఎడ్మంటన్‌లో కూడా ఐదో రౌండ్‌లో టేక్‌డౌన్ చేసింది నూనెసే.

జూడో_అక్క
నాదొక పేరు మిగిలింది. కేలా హారిసన్ 2012లో, 2016లో ఒలింపిక్ జూడో స్వర్ణాలు తెచ్చి, 2025 జూన్‌లో పేన్యాను రెండో రౌండ్‌లో చేతి పట్టుతో లొంగదీసి 135 బెల్ట్ తీసుకుంది. ఆ రాత్రే, అప్పటికి రిటైరై ఉన్న నూనెస్ కేజ్‌లోకి వచ్చి ఆమెకు ఎదురుగా నిలబడింది. 2026 జనవరికి ఖరారైన వారి ఫైట్ హారిసన్ మెడ గాయంతో ఆగిపోయింది. అది జరిగి నూనెస్ గెలిస్తే ఇక నేను కూడా గోదారిగట్టు గారికి అడ్డు చెబుతాను. హారిసన్ గెలిస్తే ఆమెను ఎక్కడ పెట్టాలో మాత్రం ఇప్పుడే చెప్పలేను, ఎందుకంటే పషేకో చేతిలో 2022లో ఓడిన ఫైట్ ఇంకా నా కళ్ళ ముందే ఉంది.

గోదారిగట్టు
అక్కా, ఆ ఫైట్‌లో నూనెస్ గెలిచినా ఎడ్మంటన్ స్కోరు కార్డు మారదు. పల్నాటి తమ్ముడు చెప్పిన రెండో రౌండ్ ఈ రాత్రి కామెంటరీ ఆపేసి చూసి, నేను వేసిన స్కోరు రేపు ఇక్కడ పెడతాను. మీరూ మీ మీ స్కోర్లు రౌండ్ల వారీగా రాయండి.

పల్నాటి_పిడికిలి
రాస్తాను. మొదటి ఫైట్‌కు నాది 29-27, నూనెస్‌కు.